కట్టేసిన విమానం

జనవరి 17, 1991. గురువారం

యుద్ధం మొదలైంది. తబూక్ ఎయిర్‌బేసు నుంచి తెల్లవారకముందే లేచిన మోత మధ్యాహ్నం దాకా ఆగలేదు. పైన ఎవరో కొత్త గుడ్డ చింపుతున్నట్టుంది. మా విమానం మాత్రం షెడ్డులో మూడు తాళ్లకు కట్టేసి ఉంది, ఈతకు దగ్గరపడ్డ బర్రెలాగా. కువైట్ గొడవ మొదలైనప్పటి నుంచి చిన్న విమానాలు ఎగరకూడదని హుకుం. ఆ సంగతి నాకు తెలుసు గానీ ఇంజనుకు తెలియదు కదా. గురువారం కనక, తాళ్లు విప్పకుండానే స్టార్ట్ చేశాను. చాయ్ మరిగేంత సేపు నడిపి ఆపాను. బాగుంది.

ఇంజను ఎద్దులాంటిది, కట్టేస్తే కుంటిదవుతుంది అనేవాడు బుచ్చన్న. మా మెట్‌పల్లి దిక్కు బావుల మీద ఆయిలింజన్లన్నిటికీ ఆయనే వైద్యుడు. వానలు పడి బావులు నిండి ఇంజన్లతో పని లేని రోజుల్లో కూడా గురువారం గురువారం వచ్చి, ప్రతిదాన్నీ కాసేపు దగ్గించి పోయేవాడు. ‘దగ్గించడం’ ఆయన మాటే. పటేలు చచ్చిపోయిన రోజు కూడా గురువారమే. శవం ఇంకా లేవలేదు. బావి మీద ఇంజను మోత విని, పటేలు లేచి పొలానికి పోయాడేమోనని ఏడ్చేవాళ్లు ఏడుపాపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బుచ్చన్నను ఎవరూ ఏమీ అనలేదు. ఇంజను బతకాలి కదా.

జనవరి 24

గురువారం. స్టార్ట్ చేశాను. బాగుంది.

జనవరి 31

ఖఫ్జీలోకి ఇరాక్ సైన్యం వచ్చిందని రేడియో. అది దేశానికి ఆ మూల, మేము ఈ మూల. అయినా మమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్ అబూ మిషాల్ ఇంటిల్లిపాదికీ గ్యాస్ మాస్కులు తెప్పించాడు. వాళ్ల వంటింట్లో పనిచేసే రాయచోటి మదార్బీకి కూడా ఒకటి దొరికింది. గోధుమ చేలల్లో ఉండే మా మగవాళ్లకు దొరకలేదు. నాకు తెచ్చిన రొట్టెలు వెనక తలుపు దగ్గర అందిస్తూ చెప్పింది.

“ఉల్లిగడ్డలు కోసేటప్పుడు తగిలించుకుంటాండా మామా. ఇంత సుఖం నేను యాడా సూళ్లేదు.”

“గ్యాస్ వచ్చిన రోజు ఎట్ల మరి?”

“ఆ పొద్దు ఉల్లిగడ్డలు కొయ్యనులే.”

ఇవాళా స్టార్ట్ చేశాను.

ఈ విమానం అబూ మిషాల్‌ది. నాలుగు సీట్లు, ఒక ఇంజను, రెక్కలు నెత్తిమీద. గోధుమ పంటకు సలహాలు చెప్పడానికొచ్చిన ఒక ఇంగ్లీషాయన దేశం వదిలిపోతూ అమ్మితే కొన్నాడు. ఆయనకూ అది పాతదే. ఎన్ని చేతులు మారిందో సీట్ల తోలును అడగాలి. అబూ మిషాల్ పైలెట్లను కిరాయికి పిలిపించుకుని, గొట్టాలు చుట్టూ తిరిగి నీళ్లు చల్లే తన గుండ్రటి చేల మీద రెండు చుట్లు తిరిగి దిగేవాడు. పైనుంచి చూస్తే పచ్చటి రొట్టెలు పేర్చినట్టుంటాయట. దిగి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవాడు. ఆయనను సంతోషంగా చూసింది అప్పుడే.

నీళ్ల పంపులు బాగుచేసే నన్ను పిలిచి, ఇంజను ఇంజనే కదా బూజానా, దీన్నీ చూసుకో అన్నాడు. భోజన్న అనడం ఆ నాలుకకు రాదు. సరే అన్నాను. నేను బడికి పోయింది తక్కువ. బీడీ కట్టలకు చుట్టే పాత పేపర్ల మీద చదువు నేర్చుకున్నవాణ్ణి. అందుకే నాకు తెలిసిన ఏ వార్తకూ చివర ఉండదు. విమానంతో వచ్చిన లావుపాటి పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివాను. నిల్వ ఉంచడం గురించి ఒక అధ్యాయం ఉంది. అది గోదాముల వాళ్లకని వదిలేశాను.

ఫిబ్రవరి 12

ఊరి నుంచి నా భార్య లస్మవ్వ మాట్లాడి పంపిన కాసెట్ వచ్చింది. సెలవు మీద పోయొచ్చిన తాపీమేస్త్రీ తెచ్చాడు.

“ఏమయ్యా, మంచిగున్నవా. ఆడ బాంబులు పడుతున్నయంట, బయట పండకు. నేను మంచిగనే ఉన్న. గీ దగ్గు ఒక్కటే.”

టిక్.

దగ్గు వచ్చినప్పుడల్లా టేపు ఆపేసింది. నాకు వినపడకూడదని. తగ్గాక మళ్లీ నొక్కి మాట అందుకుంది. ఒక పక్కంతా విన్నాను. మాటలకన్నా టిక్కులే ఎక్కువున్నాయి. చిన్నప్పటి నుంచి బీడీలు చేస్తున్న మనిషి. ఆ తంబాకు పొడి పీల్చని రోజు లేదు. మాకు పిల్లల్లేరు. ఆమె చెల్లెలింట్లో ఉంటోంది.

రెండో పక్క రేపు వింటాను.

ఫిబ్రవరి 14

గురువారం. స్టార్ట్ చేశాను. బాగుంది.

రెండో పక్క వినలేదు.

ఫిబ్రవరి 28

యుద్ధం ఆగిపోయింది. మదార్బీ చెప్పింది. ఆకాశం కూడా చెప్పింది. ఇంత నిశ్శబ్దం మరిచిపోయి ఉన్నాం. గురువారం కనక స్టార్ట్ చేశాను. ఆ చప్పుడికి పక్క షెడ్డు వాళ్లు ఉలిక్కిపడి బయటికొచ్చారు.

సాయంత్రం ఆయన మగవాళ్లతో కూర్చునే మజ్లిస్ గదికి పోయి అబూ మిషాల్‌ను అడిగాను. నా భార్యకు బాగా లేదు, దేశం వదిలిపోవడానికి ఎగ్జిట్ ముద్ర ఇప్పించండి, ఇక ముసలివాణ్ణయ్యాను అన్నాను. ఆయన అరిచే మనిషి కాడు. అరిచేవాళ్లతో బతకడం తేలిక. ఈయన గావా, వాళ్ల కాఫీ, చిన్న కప్పులో పోసి నా చేతికిచ్చి, మెల్లగా చెప్పాడు. జిద్దాలో ఒకాయన విమానం కొంటానన్నాడు. ఎగిరి జిద్దా చేరితేనే బేరం. చేరిన రోజు నీకు ఎగ్జిట్.

“అంతదాకా ఎవరు చూస్తారు దీన్ని? నువ్వు పోతే ఇది ఇనుము. విమానం పోయాక బూజానా పోతాడు.”

పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. నేను వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉంది. ఒక్కోసారి నాకన్నా అదే ఈ ఇంట్లో పాతదనిపిస్తుంది.

పర్వాలేదు. విమానం బాగుంది. వారం వారం నడుపుతూనే ఉన్నాను.

మార్చి 21

ఆయిలు మార్చాను. పాత ఆయిలును బేసిన్‌లోకి వంచి ఎండకు పెడితే అడుగున మెరుపులు. సన్నగా, పెళ్లికూతురి మొహానికద్దే తళుకులాగా. వేళ్లతో రాశాను. ఇసుక. ఈ దేశంలో అన్నంలో ఇసుక, చెవిలో ఇసుక, కాసెట్లలో ఇసుక. ఇంజనులో మాత్రం ఉండదా.

కొత్త ఆయిలు పోసి స్టార్ట్ చేశాను.

మార్చి 28

మనసు ఆగక అయస్కాంతం ముంచి చూశాను. మెరుపులు అంటుకున్నాయి.

ఈ దేశపు ఇసుకలో ఇనుముంటుందేమో. కొండలు ఎర్రగానే ఉన్నాయి.

ఏప్రిల్ 4

గురువారం. స్టార్ట్ చేశాను. బాగుంది. అయస్కాంతం కనబడలేదు.

ఏప్రిల్ 9

రంజాన్ రోజాలు. పగలు వంటింట్లో పొయ్యి వెలగదు, అయినా మదార్బీ వెనక తలుపు దగ్గరికి పిలిచింది.

“మామా, జుబైల్ నుంచి మీ మరదలి అల్లుడు బూమేషంట, ఫోన్ చేసినాడు. అత్తను హైదరాబాదు పెద్ద దవాఖానకు తీసకపోయినారంట.”

“ఏమన్నరు?”

“రొమ్ములో నీళ్లు తీసినారంట. నిన్ను అడగతా ఉందంట మామా. ఎప్పుడొస్తాడు, ఎప్పుడొస్తాడు అని అదే మాటంట.”

“విమానం పోతే నేను పోత.”

“మళ్లీ ఫోన్ చేస్తే ఏమి సెప్పాల?”

“విమానం మంచిగుందని చెప్పు.”

చెప్పాక నాకే సిగ్గనిపించింది. దవాఖానలో ఉన్న మనిషికి కబురంటే ఇదేనా. కానీ అంతకన్నా పెద్ద కబురు నా దగ్గర లేదు.

ఏప్రిల్ 11

అయస్కాంతం దొరికింది. నా జేబులోనే ఉంది. పరీక్ష చేయలేదు.

స్టార్ట్ చేశాను. కొంచెం టకటకమంది. చలికి.

ఏప్రిల్‌లో చలేమిటని రాశాక అనిపించింది. కొట్టేయను, ఉండనీ.

ఏప్రిల్ 22

జిద్దా నుంచి పైలెట్ వచ్చాడు. అనుమతులన్నీ సంచిలో పెట్టుకుని వచ్చాడు. కెప్టెన్ గులాం మొహిద్దీన్. ఏ దేశపువాడో అనుకున్నాను. హైదరాబాదు పాతబస్తీ మనిషి! బేగంపేటలో విమానం నేర్చుకున్నాడట. నా మొహం చూసి తెలుగే అందుకున్నాడు.

“ఏమన్నా, ఏ జిల్లా?”

“కరీంనగర్. మెట్‌పల్లి తాలూకా.”

“అరె, మనోళ్లే. మా ఖాలా కోరుట్లల ఉంటది. ఇక భయం లేదు నాకు. మనోడు చూసిన బండి.”

విమానం చుట్టూ తిరిగాడు. రెక్క కింద తట్టాడు. చక్రాన్ని తన్నాడు. గాజు మీద ఇసుక గీతలు లేవని మెచ్చుకున్నాడు. అవును మరి, గుడ్డతో తుడవలేదు, నీళ్లు పోసి కడిగాను. కిందటి శనివారం ఆయిలు మళ్లీ మార్చాను. బేసిన్‌ను ఎండకు పెట్టలేదు. నేరుగా గుంటలో పోశాను. శుభ్రత కోసం.

చాయ్ తాగుతూ అన్నాడు.

“ఎన్ని నెలలైంది ఎగిరి?”

“ఆగస్టు నుంచి లేదు.”

“నడపలేదు కదా కిందనే?”

నేను గ్లాసు ఊదుకున్నాను.

“కొందరు తెలివైనోళ్లు ఉంటరన్నా. వారంవారం స్టార్ట్ చేస్తరు, కాసేపు నడిపి బంద్ చేస్తరు. ఇంజను పానం మంచిగుంటదని. అరె, కింద నడిపితే అది సరిగ కాగదు. లోపల చెమట పడతది, ఆ నీళ్లు ఆయిల్ల కలుస్తయి, పోవు. మెల్లగ తుప్పు. లోపల తిరిగే కామ్ షాఫ్ట్‌ను తింటది. ఎగిరినప్పుడే నీళ్లు మరిగి పోతయి. ఎగరకుంటే ముట్టద్దు. పుస్తకంల రాసే ఉంటది.”

“ఔ, ఉంటది.”

“మా క్లబ్బుల ఒకాయన ఇట్లనే ప్రేమతోటి సంపిండు ఇంజన్ను. పైన బంద్ అయింది. చెరువుల దింపిండు, ఇంకా నయం. ఈడ చెరువు ఏడుంది?”

అని నవ్వాడు. నేనూ నవ్వాను. బుచ్చన్న ఆయిలింజన్ల చెమట నీళ్లు ఎక్కడికి పోయేవో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. ఆ ఇంజన్లు గంపంత లావు ఇనుము. తుప్పు తిన్నా తరాలు పట్టేది.

రాత్రి పుస్తకం తెరవలేదు.

ఏప్రిల్ 23

మొహిద్దీన్ స్టార్ట్ చేసి చూశాడు. కొంచెం నీరసంగ ఉందన్నా, ఎండకేమో అన్నాడు. ఎండకే అన్నాను.

ఇసుక కాదు. ఇంతవరకూ ఈ డైరీలో రాయలేదు గనక రాస్తున్నాను. ఇసుక కాదు. నాకు మార్చిలోనే తెలుసు. ఇప్పుడు చెబితే ఇంజను విప్పాలి, అమెరికా నుంచి పార్టులు రావాలి, అవి ఎండాకాలం దాటాక గానీ రావు. లస్మవ్వ ఎండాకాలం దాటదు. చెప్పకపోతే ఎల్లుండి విమానం లేస్తుంది. జిద్దా చేరొచ్చు. ఇంతకాలం నడిచింది కదా, ఒక్కరోజు నడవదా. చేరొచ్చు. మధ్యలో సముద్రపొడ్డున వెజ్‌లో పెట్రోలుకు ఆగుతాడట. అక్కడిదాకా కొండలు.

చేరుతుంది.

ఏప్రిల్ 24

మధ్యాహ్నం అబూ మిషాల్ తనే షెడ్డుకు వచ్చాడు. జేబులోంచి నా పాస్‌పోర్టు తీసి చేతికిచ్చాడు. లోపల ఎగ్జిట్ ముద్ర తడి ఆరినట్టే లేదు. ఫోటోలో ఉన్నవాణ్ణి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. ఆ మీసాలు నల్లగా, ఆ చూపు దేన్నో గెలవడానికి వచ్చినవాడి చూపు.

జిద్దా చేరాక అన్నారు కదా అన్నాను. ఆయన నవ్వాడు. తన కొడుక్కి చెప్పేటట్టు చెప్పాడు.

“నువ్వూ ఇందులోనే పోతావు బూజానా. ఇన్నేళ్లు కడిగావు, తుడిచావు, ఒక్కసారీ ఎక్కలేదు. పైనుంచి నా చేలు చూడు. జిద్దాలో దిగి బొంబాయి విమానం ఎక్కు. ఇది నా బహుమానం.”

నా నోట వచ్చిన మాట ఇది: “నేను బస్సులో పోతాను సాబ్.”

“బస్సులోనా? ఎందుకు?”

“భయం. ముసలివాణ్ణి.”

పొట్ట పట్టుకుని నవ్వాడు. బాగుచేసినవాడే భయపడితే ఎలా అన్నాడు. మొహిద్దీన్ కూడా నవ్వాడు, కానీ తొందరగా ఆపేశాడు. సంచి సర్దుతూ నావైపు రెండుసార్లు చూశాడు.

కసాయివాడి చేతిలో కత్తి చూసినవాడికి పారిపోవాలనిపిస్తుంది. విందుకు పిలిచినవాడి నుంచి ఎలా పారిపోవడం?

ఏప్రిల్ 25. గురువారం

ఏం జరిగిందో వరసగా రాయాలి. లేకపోతే రేపటికి నేనే మార్చేస్తాను.

పొద్దున్నే తాళ్లు విప్పాం. షెడ్డు బయటికి తోశాం. నా పెట్టె వెనక సీట్లో పెట్టాను. మదార్బీ రొట్టెలు, ఖర్జూరం మూట కట్టి పంపింది. అబూ మిషాల్ రన్‌వే చివర కారు పక్కన నిలబడ్డాడు. మొహిద్దీన్ నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. తాళం చెవి మీద చెయ్యి పెట్టి ఆగాడు. ముందుకే చూస్తూ అడిగాడు.

“అన్నా. నిన్న బస్సు ఎందుకన్నవ్?”

“చెప్పిన గద. భయమైంది.”

“నువ్వు మొన్న నీళ్ల ట్యాంకు మీద నిలబడి పంపు బిగిస్తుంటే చూసిన. ఎత్తుకు భయపడవు. నాకు ఇద్దరు బిడ్డలు ఉన్నరు అన్నా. ఒక్కసారి చెప్పు. మంచిగుందా?”

నిజం చెప్పాలని చెప్పానని రాసుకుంటే బాగుంటుంది. అలా కాదు. వెనక సీట్లో రొట్టెల మూట వేడిగా వాసన వస్తోంది. కొండల మధ్య మేమిద్దరం, ఆ మూట, ఎవరూ వెతకని చోట. దవాఖానలో లస్మవ్వకు ఎవరో వచ్చి చెప్పడం, ఆమె టేపు ఆపినట్టు నోరు మూసుకోవడం కనిపించాయి. భయంతోనే చెప్పాను. భయం చెప్పిందే నిజమైంది.

“వారంవారం నడిపిన మొహిద్దీన్ భై. ఆగస్టు నుంచి. ఆయిల్ల లోహం వస్తుంది.”

అతను తిట్టలేదు. తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు. దిగి మూత విప్పి, ఆయిలు ఫిల్టరు తీసి, కత్తితో కోసి మడతలు విప్పాడు. శనివారమే వేసిన ఫిల్టరు. మడత మడతకీ వెండి.

“నువ్వు నిన్న చెప్పాల్సింది,” అన్నాడు. కత్తి తుడిచి, “నేనూ నిన్ననే అడగాల్సింది,” అన్నాడు.

అబూ మిషాల్ కారు దిగి వచ్చాడు. ఫిల్టరు చూశాడు. మొహిద్దీన్ అరబ్బీలో చెబుతుంటే నేల చూస్తూ విన్నాడు. అప్పుడూ అరవలేదు. నావైపు తిరిగి చెయ్యి చాపాడు.

అంతే, చాపాడు. అడగలేదు. పాస్‌పోర్టు నా చొక్కా జేబులో ఉంది, ఎగ్జిట్ ముద్రతో సహా. ఊళ్లోంచి రోజూ జిద్దా బస్సు ఉంది. నేను వెనక్కి ఒక్క అడుగు వేస్తే ఆ ముసలాయన నన్ను పట్టుకోగలడా. కానీ ఇన్నేళ్లుగా ఆ చెయ్యి చాపినప్పుడల్లా నేను ఏదో ఒకటి అందిస్తూనే ఉన్నాను. పానా, ఇక్కడ ఉండనిచ్చే పాత ఇకామా పత్రం, పంపు తాళం. నాకు తెలిసేలోపే నా చెయ్యి జేబులోకి పోయి, తీసి, ఆయన అరచేతిలో పెట్టేసింది. ఆయన కూడా ఒక్క క్షణం దాన్ని చూసి ఆశ్చర్యపోయాడు. బహుశా ఆయన అడిగింది ఫిల్టరునేమో.

అయినా మూసి జేబులో వేసుకున్నాడు.

ఏప్రిల్ 27

మొహిద్దీన్ పోయేముందు మజ్లిస్‌లో చాలాసేపు మాట్లాడాడు. బయటికొచ్చి చెప్పాడు. జిద్దా బేరం పోయింది. ఇంజను దించి విప్పితే ఎంత చెడిందో తెలుస్తుంది, దించడానికి తను వస్తాడు. ఆ పని అయ్యాక నన్ను పంపుతానని అబూ మిషాల్ అన్నాడట.

“మాట ఇచ్చిండా?”

“బుక్రా అన్నడు.”

రేపు అనే మాట ఏ భాషలోనైనా ఒకటే దూరం.

మే 2

గురువారం. స్టార్ట్ చేయలేదు. మళ్లీ తాళ్లకు కట్టేసిన విమానంలో చాయ్ మరిగేంత సేపు కూర్చుని దిగాను.

మే 7

భూమేష్ ఫోన్ చేశాడట. లస్మవ్వ అన్నం మానేసిందట. మదార్బీ తను వండిన జావ గురించి ఏదో చెప్పి లోపలికి పోయింది.

ఇంజను దించడానికి గొలుసు కప్పీ తెచ్చి షెడ్డు దూలానికి కట్టాను. మొహిద్దీన్ రావాలి.

మే 14

మదార్బీ షెడ్డు దాకా వచ్చింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ వంటింటి తలుపు దాటి రాలేదు.

నేల మీద కూర్చుంది.

లస్మవ్వ పోయింది.

మే 16

గురువారం.

మే 23

మొహిద్దీన్ నిన్న వచ్చాడు. నా భుజం మీద చెయ్యి వేసి, మాటలు వెతుక్కుని, చివరికి పానా అడిగాడు. మంచివాడు. ఇవాళ పొద్దున్నుంచీ పైపులు, తీగలు, గొట్టాలు ఒక్కొక్కటే విప్పాం.

అబూ మిషాల్ వచ్చాడు. పాస్‌పోర్టు తెచ్చాడు. ఎగ్జిట్ మళ్లీ కొట్టించాడట. అరచేతిలో పెట్టుకుని ముందుకు చాపాడు.

“ఇంటికి పో బూజానా.”

నా చేతులకు గ్రీజు ఉంది. తుడుచుకున్నాను. తుడుచుకుంటూనే ఉన్నాను.

“ఇంజను విప్పి పెట్టాం సాబ్. పార్టులు రావాలి. మళ్లీ కట్టేదెవరు?”

“ఇంకొకడు కడతాడు.”

“ఏ బోల్టు ఎక్కడిదో నాకే తెలుసు. పార్టులు రానీ, పోతాను.”

పార్టులు ఎప్పుడొస్తాయో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. తెప్పిస్తాడో లేదో కూడా. ఇద్దరం తలాడించాం. ఆయన పాస్‌పోర్టును మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. వాకిలి దాటి కారెక్కాడు.

మధ్యాహ్నం ఆఖరి బోల్టు తీశాం. ఇంజను గొలుసుకు వేలాడుతూ పక్కకు జరిగింది. తోక కింద ఆసరా పెట్టాలన్న సంగతి ఇద్దరమూ మరిచాం. ముందు బరువు పోయేసరికి విమానం తోక మీద కూలబడింది. తాళ్లు కిర్రుమన్నాయి. ముందు చక్రం నేల వదిలింది. ఇంజను లేని ఆ ఖాళీ ముక్కు పైకి లేచి, షెడ్డు వాకిట్లోంచి ఆకాశం వైపు చూస్తూ నిలబడింది. లేవబోయే విమానం ఎలా ఉంటుందో అచ్చం అలాగే. దాని దగ్గర ఇన్నేళ్లున్నాను, ఇంత దగ్గరి నుంచి అలా చూడటం ఇదే మొదటిసారి.

మొహిద్దీన్ తోక దగ్గరికి పోయి వంగాడు. ఏమీ విరగలేదన్నాడు.

“దించుదామా అన్నా?”

“కొద్దిసేపు ఉండనీయ్,” అన్నాను.